మంచోడన్న పేరుతో ఎగ్గొట్టిన బాకీ

మా ఊళ్లో వడ్రంగి పని చేసిన వడ్ల తాతను తలుచుకున్నప్పుడల్లా అందరి నోటా వచ్చే మాట ఒక్కటే: "మంచోడు. ఎన్నడూ ఎవరినీ ఏదీ అడగలే." ఆయన పోయాక ఈ మాటను ఇంకా గట్టిగా అంటున్నాం. నిజం చెప్పాలంటే, ఇందులో ఆయన గుణం కన్నా మా లాభమే ఎక్కువ. అడిగి ఉంటే ఇవ్వాల్సి వచ్చేది.

తుమ్మ మొద్దును చూడగానే అందులో నాగలి ఎంత, కాడి ఎంత అని లెక్క కట్టగలిగిన మనిషి. గుంటుక, గొర్రు, బండి గీరెకు ఆకులు, పూటీలు అన్నీ ఆయన బాడిసె కిందే తయారయ్యేవి. ఊళ్లో పాత ఇళ్ల ద్వారబంధాలు చాలావరకు ఆయన నిలబెట్టినవే. వీటికి ప్రతిఫలం మేర. పంట నూర్చినంక కల్లం కాడ నాగలికింత అని ధాన్యం కొలిచేవాళ్లం. ఆ కొలతలోనూ మా చెయ్యి బిగుసుకునేదని మా పెద్దలకు తెలుసు, ఆయనకూ తెలుసు.

ట్రాక్టర్లు వచ్చినంక, "నాగలే లేనప్పుడు మేరెందుకు?" అన్నాం. న్యాయంగానే తోచింది. కానీ మేర ఆపినవాళ్లం పిలవడం మాత్రం ఆపలేదు. వానలకు ఉబ్బి తలుపు పడకపోతే ఆయనే రావాలి. పారకు కామ, మంచానికి కోడు, పెండ్లికి పీటలు, అన్నిటికీ ఆయనే. పైసల మాటొస్తే, "పంటొచ్చినంక చూద్దాం తాతా, నువ్వు మనోడివే గదా" అనేవాళ్లం. కొత్త ఇల్లు కట్టినప్పుడు మాత్రం పట్నం నుంచి రెడీమేడ్ తలుపులు తెచ్చి, వాటి దుకాణపాయనకు బేరం లేకుండా నగదు లెక్కపెట్టాం. వరస కలిపింది ప్రేమతో కాదు, కూలి తగ్గించుకోవడానికి.

ఆ మనిషి ఇల్లు ఎట్లా నడిపాడో మాకు తెలియనిది కాదు. ఎండాకాలమంతా హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోయి బిడ్డలను చదివించాడు. భార్యకు పక్షవాతం వస్తే అన్నం వండి, తినిపించి, స్నానం చేయించి, ఆమె కన్నుమూసేదాకా మంచం పక్క నుంచి కదల్లేదు. మేమేం చేశాం? "ఎంత పుణ్యాత్ముడు" అని అరుగుల మీద కూర్చుని మెచ్చుకున్నాం. బాకీ ఉన్నవాళ్లలో ఒక్కరమైనా ఆ నెలల్లో వెళ్లి తీర్చలేదు.

కొడుకు చేతికి ఆయన బాడిసె ఇవ్వలేదు. ఆ పిల్లవాడు ఉద్యోగానికి పోతే, "ఈ కాలం పోరలు కులవృత్తి ఇడిసిపెట్టిన్రు" అని మేమే బాధపడ్డాం. మా లెక్కలన్నీ చూసిన తండ్రి కొడుక్కి ఇంకేం చెబుతాడు?

సర్కారును తిట్టడం సులువు. 2014లో తెలంగాణలో ఆసరా పింఛన్లు వచ్చినప్పుడు చేనేత, గీత కార్మికులకు యాభై ఏళ్లకే అవకాశమిచ్చారు. వడ్రంగి మాత్రం ముసలివాళ్లందరితో పాటు వరుసలో నిలబడ్డాడు. 2023 సెప్టెంబరు 17న కేంద్రం పద్దెనిమిది వృత్తులకు విశ్వకర్మ పథకం తెచ్చి, పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఇస్తామంది. అప్పటికి ఆయన చేతులు వణుకుతున్నాయి. ఇవన్నీ నిజాలే. అయితే కల్లం మీద కొలత ఏ సర్కారుదీ కాదు, మాది. ఆయన కొరవ ఏ పద్దులోనూ ఎక్కకపోవడానికి కారణం, ఆ పద్దు రాయాల్సింది మేమే కావడం.

ఇప్పుడు ఊళ్లో కాలిన బోరు మోటార్లు బాగుచేసే కుర్రాడొకడున్నాడు. రాత్రి ఏ వేళ ఫోన్ చేసినా వస్తాడు. మొన్న వాడు డబ్బులడిగితే ఒకాయన, "పంటొచ్చినంక చూద్దాం, మనోడివే గదా" అన్నాడు. పక్కనున్న మేమెవరమూ, "ఇప్పుడే ఇయ్యి" అనలేదు.