అంచు మీద పేరు

యాప్రాల్‌లో మాజీ సైనికుల ఇళ్లకు కొదవలేదు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ పక్కనే ఉన్న ఊరు కదా. మా వీధిలో ఉండే ఒక రిటైర్డ్ సుబేదారు గారు ఓసారి అద్దాల పెట్టెలోంచి పతకం తీసి నా అరచేతిలో పెట్టారు. "బొమ్మ సంగతి తర్వాత, ముందు అంచు చూడండి సార్" అన్నారు. రూపాయి బిళ్ల మందం ఉన్న ఆ అంచు మీద సన్నటి అక్షరాలతో ఆయన నంబరు, పేరు చెక్కి ఉన్నాయి.

ఆ అంచు చూస్తుంటే నాకు దక్షిణాఫ్రికాలోని నేటాల్ కూలీలు గుర్తొచ్చారు. 1860 నుంచి 1911 దాకా మన దేశం నుంచి 1,52,184 మంది ఒప్పంద కూలీలుగా అక్కడికి ఓడలెక్కారు. వాళ్లలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుంచి వెళ్లిన తమిళులు, తెలుగువాళ్లే. 1899లో అక్కడ బ్రిటన్‌కూ బోయర్లకూ యుద్ధం వచ్చినప్పుడు గాంధీ కూడగట్టిన అంబులెన్స్ దళంలో దాదాపు 1,100 మంది చేరారు. అందులో 300 మంది స్వతంత్రులు, మిగతా వాళ్లంతా ఒప్పంద కూలీలు. స్పియన్ కోప్ పోరులో తూటాలు పడే చోటికే వెళ్లి గాయపడ్డవాళ్లను మోసుకొచ్చారు. కొన్ని రోజులు ఇరవై, పాతిక మైళ్లు నడిచారు. చివరికి పతకాలు అందింది 37 మంది నాయకులకు. భుజాలు కాయలు కాచిన కూలీల పేర్లు ఏ అంచుకూ ఎక్కలేదు. అదే యుద్ధంలో సైనికులకు వెండి పతకం ఇచ్చి, సైన్యం వెంట వెళ్లిన భారతీయ డోలీ బోయీలకు కంచుది ఇచ్చారు.

ఆ బ్రిటనే తర్వాత పద్ధతి మార్చుకుంది. పశ్చిమాఫ్రికాలో ఎబోలాతో పోరాడిన 3,000 మందికి పైగా వ్యక్తులకు 2015లో పతకం ప్రకటించింది. సైనికుడికీ, ప్రభుత్వ నర్సుకూ, స్వచ్ఛంద సంస్థ కార్యకర్తకూ ఒకటే పతకం, ఒకటే లోహం. 2023లో ఇలాంటి సేవ కోసం శాశ్వతంగా మానవతా పతకాన్ని నెలకొల్పింది. ఆస్ట్రేలియా ఇంకా ముందే, 1999లోనే, విదేశాల్లో ప్రమాదకర పరిస్థితుల్లో సేవ చేసిన పౌరులకు పతకం పెట్టింది. ఎక్కడ సేవ చేశారో రిబ్బను మీది పట్టీయే చెబుతుంది. 1960లలో దక్షిణ వియత్నాం ఆసుపత్రుల్లో పనిచేసిన పౌర వైద్య బృందాలకు కూడా, ఆలస్యమైనా, ఆ పేరుతో పట్టీ దక్కింది.

మన దగ్గర ఏమీ లేదని కాదు. ప్రాణాలు కాపాడినవాళ్లకు 1961 నుంచి జీవన్ రక్షా పదక్‌లు మూడు స్థాయుల్లో ఉన్నాయి. నర్సులకు 1973 నుంచి జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ పురస్కారం ఉంది. హోంగార్డులకు, పౌర రక్షణ సిబ్బందికి పతకాలున్నాయి. తేడా ఎక్కడంటే, మనం వచ్చిన సిఫార్సుల్లోంచి కొందరిని ఎంచుకుంటాం. బ్రిటన్, ఆస్ట్రేలియా పద్ధతిలో ఫలానా చోట, ఫలానా కాలంలో, ఇన్నాళ్లు సేవ చేస్తే చాలు, పతకం హక్కుగా వస్తుంది. ఎంపిక పద్ధతిలో సిఫార్సు చేసేవాళ్లు లేని మనిషి వెనకబడిపోతాడు. అర్హత పద్ధతిలో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: పేరు రాసుకున్నారా?

రాసుకోవడం మనకు చేతకాని పనేమీ కాదు. 2025 మే 7న సికింద్రాబాద్, మౌలాలి, గోల్కొండ, కంచన్‌బాగ్‌లలో పౌర రక్షణ మాక్ డ్రిల్ జరిగింది. సైరన్ మోగితే ఎవరు ఎక్కడికి పరిగెత్తాలో సాధన చేశాం. దానితోపాటే, ఎవరు వచ్చారు, ఏం చేశారు, ఎన్ని గంటలున్నారు అని జిల్లాకో రిజిస్టరు తెరిస్తే సరి. 1968 నాటి పౌర రక్షణ చట్టం మనకు ఉండనే ఉంది. స్ట్రెచర్ పట్టినవాళ్లను, రక్తం ఇచ్చినవాళ్లను, అంబులెన్స్ నడిపినవాళ్లను, వంట చేసినవాళ్లను ఆ పుస్తకంలోకి ఎక్కించుకుందాం. పతకం ఎలా ఉండాలో ఢిల్లీ తర్వాత నిర్ణయించవచ్చు. అంచు మీద చెక్కాల్సిన పేర్లు మాత్రం ఇక్కడ, వార్డు స్థాయిలో, ఆ రోజే రాయాలి.