ఆలస్యంగా సంఘంలో చేరే అక్కలకు ఒక మాట

పెళ్లైన కొత్తలో మా వీధిలో పొదుపు సంఘం కడుతుంటే "మనకెందుకులే" అన్నారు మా అత్తమ్మ. నేనూ ఊరుకున్నాను. నలభై మూడో ఏట, పెద్దోడి కాలేజీ ఫీజు కోసం గొలుసు కుదువ పెట్టి వచ్చిన రోజు సంఘంలో చేరాలనిపించింది. అప్పటికి మా కడపలో తోటివాళ్లంతా పదిహేనేళ్ల పాత సభ్యులు. ఎవరో ఊరొదిలి పోయి ఖాళీ అయిన చోట చేరాలి తప్ప నాకు వేరే దారి లేదు.

రెండు సంఘాల వాళ్లను అడిగాను. ఒకటి మా వీధిదే. "రా వదినా, నెలనెలా డబ్బులు పంపిస్తే చాలు, మీటింగుకు రాకపోయినా ఏం కాదు" అన్నారు. రెండో సంఘం లీడరేమో, "చూడక్కా, మీటింగుకు రాకపోతే జరిమానా. కంతు తప్పితే మా ఏ గ్రేడు పోతాది. ఆలోచించుకోని రా" అంది. నాకు రోషం వచ్చింది. నవ్వుతూ పిలిచిన చోటే చేరాను.

ఎనిమిది నెలల తర్వాత లోను కోసం బ్యాంకుకు పోతే అసలు సంగతి బయటపడింది. తీర్మానాల పుస్తకంలో ఆరు నెలలుగా సంతకాల్లేవు. ఇద్దరి పాత బాకీ అలాగే ఉంది. మాది సీ గ్రేడు. నేను ఒక్క కంతు కూడా తప్పలేదని చెప్పుకున్నా లాభం లేకపోయింది. బ్యాంకు అప్పిచ్చేది సంఘానికి, నాకు కాదు.

గ్రేడు అంటే అధికారులు వేసే ఏదో ముద్ర అనుకుంటాం గానీ, దాని వెనక ఉన్నవి పంచసూత్రాలే. క్రమం తప్పని సమావేశం, పొదుపు, లోపల్లోపల ఇచ్చుకునే అప్పులు, సకాలంలో చెల్లింపు, సరిగ్గా రాసిన పుస్తకాలు. 1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజీ మొదలుపెట్టినప్పటి నుంచీ ఆస్తి లేని ఆడవాళ్లకు బ్యాంకులో ఉన్న హామీ ఇదే. ఇరవై లక్షల వరకు సంఘాన్ని తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. పొలం కాగితాల బదులు బ్యాంకువాళ్లు మన పుస్తకాలు చూస్తారు. మన సీమలోనే, కర్నూలు పక్కన ఓర్వకల్లులో, పొదుపులక్ష్మి ఐక్యసంఘం ఆడవాళ్లు బడి కూడా నడిపే స్థాయికి వచ్చారు. నెలనెలా కూర్చుని లెక్కలు చూసుకునే అలవాటు లేకుండా అది జరిగేది కాదు.

అందుకే ఆలస్యంగా చేరే అక్కలకు నేను చెప్పేది, సంఘంలో మనకు తెలిసినవాళ్లు ఎవరున్నారని కాదు, ముందు గ్రేడు ఎంతని అడగండి. తీర్మానాల పుస్తకం, పాసుపుస్తకం తెచ్చి చూపమనండి. పాత బాకీ ఎంత, అందులో మన మీద పడేది ఎంత, పాత పొదుపు మీద వచ్చిన వడ్డీలో మనకు వాటా ఎప్పటి నుంచి అనేది తీర్మానంగా రాయించుకోండి. మొహమాటపడితే నాలాగే అవుతుంది.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే ఏ గ్రేడు సంఘాలను పొగిడినట్టే అవుతుంది. నాకు వాళ్లతోనూ పేచీ ఉంది. గ్రేడు పోతుందనే భయంతో వాళ్లు ఎవరిని వద్దంటున్నారో చూడండి. మొగుడు వదిలేసిన ఆమెను, అద్దె ఇల్లు మారే ఆమెను, కూలికి పోయే ఆమెను. కోసిగి, ఆదోని వైపు నుంచి ఏటా సుగ్గికని గుంటూరు మిరప చేలకు కుటుంబాలే తరలిపోతాయి. ఊళ్లో వాన లేక, పని లేక పోయే ఆమె నెలనెలా మీటింగుకు యాడ నుంచి వస్తాది? సంఘం అవసరం అందరికంటే ఆమెకే ఎక్కువ. అలాంటామెను చేర్చుకోకుండా కాపాడుకున్న ఏ గ్రేడును చూసి గర్వపడాల్సింది ఏముంది?

నా ఉద్దేశంలో దీనికి మార్గం మన చేతిలోనే ఉంది. వలస పోయే ముందే "ఫలానా నెలల్లో ఈమె రాదు, పొదుపు ఫోనులో పంపుతుంది, కంతులు వచ్చాక కడుతుంది" అని తీర్మానం రాసి అందరూ సంతకాలు పెట్టాలి. చెప్పకుండా ఎగ్గొట్టడం వేరు, చెప్పి గడువు తీసుకోవడం వేరు. గ్రేడు వేసేవాళ్లు కూడా ఆ తేడా లెక్కలోకి తీసుకోవాలి. ఊళ్లలో వెలుగు వాళ్లను, పట్టణాల్లో మెప్మా వాళ్లను మనం అడగాల్సిన మాట ఇది.

నేను మా సంఘం వదల్లేదు. రెండో సంఘం లీడరును బతిమాలి, ఒక సాయంత్రం మా వీధికి పిలుచుకొచ్చాను. పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాం. పాత బాకీ ఉన్న ఇద్దరిలో ఒకామె ఏడ్చేసింది. భర్త ఆసుపత్రి ఖర్చు సంగతి అంతవరకు మాలో ఎవరికీ తెలియదు. మీటింగులే లేకపోతే ఎట్ల తెలుస్తుంది? ఆమెకు నెలకు ఇంత అని చిన్న కంతులు రాశాం. ఇప్పుడు మాది బీ గ్రేడు. నేను రెండో లీడరును. మీటింగుకు రాకపోతే జరిమానా పెట్టింది కూడా నేనే.