ఎక్సరేకు అందని నొప్పి నటన కాదు



విద్యుత్ స్తంభంపై నుండి పడిన రైల్వే కార్మికునికి, లారీ ఢీకొన్న పోస్ట్‌మన్‌కు వెన్నుపూస విరుగుతుంది. స్క్రూలు, కడ్డీలు బిగించి శస్త్రచికిత్స చేస్తారు. కొన్ని మాసాలకు ఎక్సరే చూచి, "ఎముక అతుకుకొన్నది, డ్యూటీకి ఫిట్" అని వ్రాస్తారు. "అయ్యా, నడుము ఫరవాలేదు, అరికాలే నిప్పులపై పెట్టినట్లు మండుతున్నది" అని అతడు మొరపెట్టుకొంటే, "విరిగింది వెన్ను, నొప్పి పాదానికా?" అని ఎగతాళి!

ఈ ఎగతాళి శుద్ధ అజ్ఞానం. వెన్ను తరచుగా విరిగేది ఛాతీ భాగం నడుముతో కలిసేచోట. వెన్నుపాము ముగిసి, కాళ్ళకు పోయే నరాల కట్ట మొదలయ్యేదీ ఆ ప్రాంతంలోనే. అక్కడ నలిగిన నరం తన బాధను పాదంలో తెలుపుతుంది. నడుము ఐదవ నరమైతే పాదం పైభాగాన, బొటనవ్రేలిలో. దాని దిగువ నరమైతే పాదం వెలుపలి అంచున, చిటికెనవ్రేలిలో. కేబుల్ మధ్యలో దెబ్బతింటే ఆరిపోయేది చివరనున్న సిగ్నల్ కాదా? ఈ సంగతి మన ఖలాసీకి తెలుసు, ఫిట్ వ్రాసే అధికారికి తెలియదా?

స్క్రూలు ఎముకను నిలబెడతాయి, నరాన్ని మొలిపించవు. తెగిన నరపు తంతువు పెరిగినా, రోజుకు ఇంచుమించు 1 మిల్లీమీటరే పెరుగుతుంది. నడుము నుండి పాదానికి దాదాపు 1 మీటరు. అంటే సుమారు 1000 రోజులు! కొందరికి ఎన్నటికీ పూర్తిగా నయం కాదు. డ్యూటీలో గాయపడిన కేంద్రోద్యోగికి సెలవు నిబంధన ఇచ్చేదో? ఆసుపత్రి విడిచిన పిదప 6 మాసాలు పూర్తి జీతం, ఆపై 12 మాసాలు సగం జీతం. నరం సగం దారిలో ఉండగానే జీతం ఆగుతుంది!

వికలాంగుల హక్కుల చట్టం, 2016, సెక్షన్ 20 ప్రకారం సర్వీసులో వైకల్యం పొందిన ఉద్యోగిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. అదే వేతన స్కేలుతో తగిన పోస్టుకు మార్చాలి. అది లేకుంటే సూపర్‌న్యూమరరీ పోస్టులో ఉంచాలి. అయితే పాదం మంటను వైకల్యంగా గుర్తించడానికే నిరాకరిస్తే ఈ రక్షణ ఎవరికి?

బాధిత సోదరులకొక మాట. మంట ఒక్కొక్కప్పుడు నరం కోలుకొంటున్న గుర్తు. దానికి నరాల మందులు వేరుగా ఉన్నవి. కాని పాదం కొత్తగా వ్రేలాడినా, మర్మస్థానాల చుట్టూ స్పర్శ పోయినా, మూత్రం నిలిచిపోయినా ఆనాడే ఆసుపత్రికి పోవాలి.

నరాల పరీక్ష లేనిదే ఫిట్ వ్రాయరాదు. నొప్పి ఉన్నంతకాలం కూర్చుండి చేసే పని ఇవ్వాలి. ఇట్టి కేసు ఏ బ్రాంచిలో ఉన్నా, పాదాన్ని పరీక్షించారా లేదా అని కార్యదర్శి వ్రాతమూలకంగా అడగాలి. జవాబు కూడా వ్రాతమూలకంగానే తీసుకోవాలి.