టేపు పెట్టని చొక్కా

మీషో యాప్‌లో చాలా బట్టలకు రెండు ధరలు కనిపిస్తాయి. వేరే సరుకో పాడైన సరుకో వస్తేనే వాపసు అనే షరతుకు ఒప్పుకుంటే ఒక ధర. సైజు కుదరకపోయినా, నచ్చకపోయినా తిప్పి పంపే వీలు కావాలంటే ఇంకొంచెం ఎక్కువ. ఆన్‌లైన్ బట్టల వ్యాపారం గుట్టంతా ఆ కాస్త తేడాలోనే ఉంది. వికారాబాద్ బజారులోనో తాండూరులోనో చొక్కా తొడిగి చూసుకున్నందుకు ఎవరూ పైసా అడగరు. యాప్‌లో మాత్రం తొడిగి చూసుకోవడానికి విడిగా ఖరీదు కట్టారు. మీషో దాన్ని బయటికి చూపిస్తోంది. చూపించని చోట అది ఎక్కడో ధరలోనే కలిసిపోయి ఉంటుంది.

అలాగని యాప్‌లను తిట్టి బజారు దుకాణానికి దండ వేయాలని కాదు. మన ఊళ్ల దుకాణాలు మగవాళ్లకు ఏపాటి ఎంపిక మిగిల్చాయో అందరికీ తెలుసు. దసరాకో రంజాన్‌కో హైదరాబాద్ నుంచి సరుకు దిగుతుంది. పండగ దాటాక మిగిలేవి ఎవరికీ పట్టని సైజులు. ఒడ్డూ పొడుగూ ఉన్నవాడికైనా, బక్కపలచటివాడికైనా ‘రెండు ఉతుకులకు సర్దుకుంటుందన్నా’ అనే మాట ఒక్కటే. సర్దుకునేది చొక్కా కాదు, మనిషి. నాలుగు చొక్కాలు విప్పించి ఒకటీ కొనకుండా లేచిన తండా కుర్రాడి మీద పడే చూపు వేరే. యాప్ మొహం చిట్లించదు. వంద చొక్కాలు తిరగేసి ఊరుకున్నా ఏమీ అనదు. 2010లో ఫ్లిప్‌కార్ట్ మొదలుపెట్టిన ‘సరుకు అందాకే డబ్బు’ పద్ధతి కార్డు లేనివాణ్నీ కొనుగోలుదారుణ్ని చేసింది. 2020లో ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ రెండూ తెలుగులోకి వచ్చాయి. చిన్న ఊళ్ల కుర్రాళ్లకు దక్కిన ఈ మర్యాదను తక్కువ చేయకూడదు.

కానీ ఆ మర్యాదతో పాటు ఒక పని కూడా కొనేవాడి నెత్తిన పడింది. అదే కొలత.

ఒకప్పుడు మగవాళ్ల బట్టలంటే గుడ్డ కొనడమే. ప్యాంటు పీసు, చొక్కా పీసు తీసుకుని దర్జీ దగ్గరికి వెళ్తే, మెడ, భుజం, ఛాతీ, చెయ్యి టేపు పెట్టి కొలిచి తన పుస్తకంలో రాసుకునేవాడు. రెడీమేడ్ వచ్చాక దర్జీ పోయినా, అద్దం ముందు తొడిగి చూసుకునే అవకాశం మిగిలింది. ఆన్‌లైన్‌లో అదీ లేదు. మింత్రా తెచ్చిన ‘ట్రై అండ్ బై’ సదుపాయం ఎంపిక చేసిన పిన్‌కోడ్‌లకే పరిమితం. మిగిలిన వాళ్లకు కొలతంటే ఎం, ఎల్, ఎక్స్‌ఎల్ అనే అక్షరాలే.

ఆ అక్షరాలకు నిలకడ లేదు. ఒక కంపెనీ ఎల్ ఇంకో కంపెనీ ఎం. అంకెలు మరీ తికమక. ఫార్మల్ చొక్కా పట్టీ మీద 40 అని ఉంటే, చాలా బ్రాండ్ల లెక్కలో అది కాలరు సెంటీమీటర్లలో. టీషర్టు దగ్గర అదే 40 ఛాతీ అంగుళాలు. ఒకే మనిషి రెండింటికీ 40 నొక్కితే ఏదో ఒకటి వెనక్కి పోవచ్చు. మన దేశంలో అందరూ పాటించే ప్రామాణిక సైజుల పట్టిక లేక, అమెరికా, బ్రిటన్, యూరప్ పట్టికలనే అటూ ఇటూ మార్చి వాడుకుంటున్నారు. ఈ లోటు తీర్చడానికే ఫ్యాషన్ విద్యా సంస్థ నిఫ్ట్ దేశంలో ఆరు నగరాల్లో 25 వేల మందిని త్రీడీ స్కానర్లతో కొలిచే పథకం పెట్టుకుంది. 2018లో ప్రకటించిన ఆ నగరాల జాబితాలో హైదరాబాద్ ఉంది. మంచిదే. అయితే తాండూరు గనుల్లో బండలెత్తే మనిషి భుజాలూ, హైటెక్ సిటీలో కుర్చీలో కూర్చునే మనిషి భుజాలూ ఒక్కటి కావు. నగరాల్లో తీసిన సగటు తాండూరు ఒంటికి ఎంతవరకు అతుకుతుందో చూడాలి.

చట్టం ఉంది కదా అనొచ్చు. ఈ-కామర్స్ మీద 2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం, సరుకు లోపంతో ఉన్నా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా, అమ్మినవాడు వెనక్కి తీసుకోనని అనడానికి వీల్లేదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. చిక్కు ఎక్కడంటే, ఎల్ అని చెప్పి ఎల్ పంపితే ప్రకటన తప్పినట్టు కాదు. చొక్కా ఒంటికి పట్టకపోవడం కొన్నవాడి తప్పే అవుతుంది. ‘కాటన్ బ్లెండ్’ అన్న మాటా అంతే. అందులో నూలెంత, పాలిస్టర్ ఎంత అని రాయకపోతే, దేన్ని చూపించి అబద్ధమనాలి?

తాండూరులో నాపరాయి కొనేవాడు బండ పొడవు, వెడల్పు, మందం చూడకుండా బేరం ఆడడు. చొక్కా దగ్గర అంత పట్టుదల ఎందుకు ఉండకూడదు? నిబంధన మార్చాల్సింది ఇక్కడే. చొక్కాకు ఛాతీ, భుజం, పొడవు, చెయ్యి, ప్యాంటుకు నడుము, తొడ, పొడవు. కుట్టిన బట్టను పరిచి కొలిచిన ఈ అంగుళాలను బొమ్మ పక్కనే తెలుగులో రాయాలి. నూలు శాతమూ రాయాలి. కొన్ని బ్రాండ్లు ఇప్పటికే కొలతల పట్టిక ఇస్తున్నాయి కాబట్టి చేతగాని పనేం కాదు. రాసిన కొలతకు, వచ్చిన బట్టకు తేడా ఉంటే అది ప్రకటన తప్పడమే అవుతుంది. వాపసు అప్పుడు హక్కు. దానికి అదనంగా కట్టాల్సిన పని ఉండదు.

ఇక మన దుకాణదారుల సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి రూ.2,500 దాకా ధర ఉన్న బట్టలకు జీఎస్టీ 5 శాతమే, ఆపైన 18. ఈ రేట్లు యాప్‌కూ బజారుకూ ఒకటే. సూరత్, తిరుప్పూర్‌ల నుంచి నేరుగా అమ్మేవాడితో ధరలో పోటీపడి గెలవడం తాండూరు దుకాణానికి అయ్యే పని కాదు. దాని చేతిలో ఉన్న బలం అద్దం, టేపు. గది లేక మూటల వెనక నిలబడి చొక్కా మార్చుకోవాల్సిన దుకాణాలు ఇంకా ఉన్నాయి. ముందు ఒక మంచి ట్రయల్ గది కట్టాలి, పక్కనే దర్జీని కూర్చోబెట్టాలి. కొన్న రోజే నడుము బిగించి, చేతులు కురచ చేసి ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో కొన్న ప్యాంటునూ అక్కడికే తెచ్చి సరిచేయించుకోమనాలి. కూలి తీసుకోవాలి. ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చినవాడు ఊరికే నిలబడడు, అల్మారా వంక చూస్తాడు.