తక్కువైంది పైసలు కాదు, జాగా!

"ఫండ్స్ లేవు సార్!" ప్రాజెక్టు రివ్యూలో మనం అందరికంటే ముందు చెప్పే మాట ఇదే. నిజంగా కరువైంది డబ్బేనా? ఆ మాట మాత్రం ఎవరూ అడగరు. మన సిటీలోనే ఉన్న రెండు ఫ్లైఓవర్లను చూస్తే ఈ ప్రశ్న ఎంత పెద్దదో తెలుస్తుంది.

మొదటిది అంబర్‌పేట్‌ది. గోల్నాక నుంచి ఛే నంబర్ దాకా సుమారు ఒకటిన్నర కిలోమీటరు. 2018 మేలో శంకుస్థాపన, 2025 మేలో ప్రారంభోత్సవం. ఏడేళ్లు! జాతీయ రహదారి మీద పని. సిమెంటు దొరక్క ఆగలేదు, ఎక్కువగా ఆగింది భూసేకరణ దగ్గరే. అటూ ఇటూ ఇళ్లు, షాపులు. ఆ ఏడేళ్ల ఇబ్బంది పడ్డది అక్కడి దుకాణాలవాళ్లు, రోజూ ఆ దారిన బస్సెక్కేవాళ్లు.

రెండోది ఇందిరాపార్కు–వీఎస్టీ స్టీల్ బ్రిడ్జి. అశోక్‌నగర్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ మీదుగా 2.25 కిలోమీటర్లు, మెట్రో లైను కంటే పైనుంచి పోతుంది. 2020లో మొదలై 2023 ఆగస్టు 19న తెరుచుకుంది. ఖర్చు సుమారు 450 కోట్లు. ఇక్కడా రోడ్డు ఇరుకే. కానీ జాగా దొరకదన్న సంగతి డిజైన్‌లోనే లెక్కేసుకున్నారు. స్టీలు భాగాలు వేరేచోట తయారుచేసి తెచ్చి బిగిస్తే రోడ్డు మీద ఆక్రమించే చోటు తగ్గుతుంది. స్టీలు ఖరీదే. అయినా దొరికే డబ్బు ఖర్చుపెట్టి, దొరకని జాగాను ఆదా చేశారు.

రెండు చోట్ల పరిస్థితులు ఒక్కటి కావు, నిజమే. అంబర్‌పేట్‌లోనూ స్టీలు పెడితే సరిపోయేదని నేననను. నేననేది ఒక్కటే: ఏది కరువో ముందు తేల్చుకుని, మిగతావన్నీ దాని చుట్టూ అమర్చాలి. గోల్డ్‌రాట్ 1984లో 'ది గోల్' నవలలో చెప్పిన సూత్రం కూడా ఇదే.

మరి మన టీముల్లో? నలుగురం పనిని సమానంగా పంచేసుకుని న్యాయం చేశామనుకుంటాం. తీరా చూస్తే సర్క్యూట్ బోర్డు డిజైన్ వచ్చింది ఒక్కడికే, ల్యాబ్ దొరికేది వారానికి రెండు గంటలే. ఆ ఒక్కడితోనే రిపోర్టు టైపింగ్, ప్రింటౌట్లు కూడా చేయిస్తే ప్రాజెక్టు మొత్తం అక్కడే ఇరుక్కుంటుంది. అలాగని బరువంతా వాడిమీదే వేసి మిగతావాళ్లం క్యాంటీన్‌లో కూర్చోమని కాదు. వాడి చేతిలోంచి చిల్లర పనులు మనం తీసుకోవాలి, ల్యాబ్‌లోకి వెళ్లేముందే అన్నీ సిద్ధం చేసివ్వాలి, వాడి విద్యను ఇంకొకరైనా నేర్చుకోవాలి.

వచ్చే జీరో రివ్యూకి గాంట్ చార్టు గీసేముందు టీమంతా కూర్చుని ఒక్కమాట రాసుకోండి: మన దగ్గర అంబర్‌పేట్ జాగా లాంటిది ఏది?