మెరిస్తే చాలదు, బయటికీ రావాలి

బ్యాంకు కౌంటరు మీది ఊదారంగు దీపం కింద కరెన్సీ నోటు పెట్టి చూడండి. నోటు నంబరు ఒక్కసారిగా మెరుస్తుంది. కంటికి కనిపించని కాంతిని పీల్చుకుని, కనిపించే రంగులో వెదజల్లడం దాని సిరా గుణం. జీవశాస్త్రవేత్తలు చేస్తున్నదీ ఇదే. కణంలో తమకు కావాల్సిన ప్రొటీన్‌కు మెరిసే రంగు అంటించి మైక్రోస్కోపులో చూస్తారు. చిక్కల్లా, మామూలు రంగులు కాంతి తగిలిన కాసేపటికే వెలిసిపోతాయి.

అందుకే క్వాంటమ్ డాట్స్ వచ్చాయి. కొద్ది నానోమీటర్ల రేణువులివి. మన వెంట్రుక మందమే దాదాపు 80 వేల నానోమీటర్లు! పదార్థం ఒకటే అయినా చిన్న రేణువు నీలంగా, పెద్దది ఎర్రగా వెలుగుతుంది. త్వరగా వెలిసిపోదు. 1998లో జీవకణాలకు అంటించి చూపారు. వీటిని కనుగొని, తయారీని గాడిన పెట్టిన బావెండి, బ్రూస్, ఎకిమోవ్‌లకు 2023లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

ఇంతవరకూ సంతోషమే. కానీ ‘కేన్సర్ కణాలు మెరిసిపోతాయట’ అనే మెసేజ్ ఇంట్లో రోగి ఉన్నవారి ఫోనుకు చేరితే సంగతి వేరు. ఆ మెరుపు గాజు పళ్లెంలోని కణాలదా, ఎలుకదా, మనిషిదా అన్నది అందులో రాయరు. డాక్టరు రాసిన స్కాన్‌ను ‘నానో పరీక్ష’ కోసం వాయిదా వేస్తే నష్టపోయేది రోగే.

మనిషి దగ్గరికొచ్చేసరికి అసలు ప్రశ్న మెరుపు గురించి కాదు, ఆ రేణువు ఒంట్లోంచి ఎలా బయటపడుతుందన్నది. పేరున్న క్వాంటమ్ డాట్స్‌లో చాలావాటిలో కాడ్మియం ఉంటుంది. అది విషలోహం. సుమారు 6 నానోమీటర్లకు మించిన గట్టి రేణువులను కిడ్నీలు తేలిగ్గా వడకట్టలేవు. అవి కాలేయం, ప్లీహాల్లో పేరుకుంటాయి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వారు ఇసుకలోని సిలికాతోనే బుల్లి మెరుపు రేణువులు చేయడం వెనక ఉన్నది ఈ లెక్కే. వాటిని మనుషుల్లో పరీక్షించడానికి 2011లో అక్కడి ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. 2014లో ఫలితాలు వెలువడ్డాయి. పరీక్షించింది ఐదుగురు మెలనోమా రోగుల్లో. రేణువులు ప్రధానంగా మూత్రంలో పోయాయి. మంచి కబురే, కానీ ఐదుగురే.

ఇంకో పరిమితి కూడా ఉంది. ఇలాంటి వెలుగు ఒంట్లో లోతుల నుంచి పైకి స్పష్టంగా రాదు. ఆపరేషన్‌లో తెరిచిన చోట పనికొస్తుంది గానీ, లోపలున్న కణితికి సీటీ, ఎంఆర్‌ఐ, పెట్ స్కాన్‌లే దిక్కు. నేడు ఆపరేషన్ థియేటర్లలో లింఫ్ గ్రంథులను, కంటి ఆసుపత్రుల్లో రెటీనా వెనకున్న రక్తనాళాలను వెలిగించి చూపుతున్నది నానో రేణువు కాదు. 1959లోనే అనుమతి పొందిన ఇండోసయనిన్ గ్రీన్ అనే పాత రంగు!