పట్టింది దయ్యం కాదు, తగిలింది దెబ్బ

"కళ్ళు బాగానే ఉన్నాయి, మరి ఎందుకు కనబడదు?" ఈ ప్రశ్న ఒక ఇంట్లో పుట్టిందంటే చాలు, జవాబు చెప్పడానికి భూతవైద్యుడు తయారు. మా అమ్రోలిలోనూ అంతే.

కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి సాంచాల పనికి సూరత్ వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అలా వచ్చిన ఒకాయన మా పక్క వీధిలో ఉంటాడు. బైకు మీంచి పడ్డాడు. హెల్మెట్ లేదు. తల వెనక దెబ్బ. గాయం మానింది. కళ్ళద్దాల షాపులో అక్షరాలన్నీ చదివాడు. కానీ ఎడమవైపు నుంచి వచ్చే మనిషిని గుద్దుకుంటాడు. ఎడమవైపు పోగు తెగితే కనబడదు. ఒక్కోసారి ఆ పక్కన ఎవరో నిలబడ్డట్టు కనిపిస్తారు. ఇంకేం! ఇంట్లోవాళ్ళు "గాలి సోకింది" అన్నారు. నిమ్మకాయలు, తాయెత్తు, వేలల్లో ఖర్చు. సేఠ్ మాత్రం "నాటకం" అన్నాడు.

రెండూ తప్పే. కన్ను వెలుతురుని పట్టి పంపుతుంది, అంతే. చూసేది మెదడు, ముఖ్యంగా తల వెనక భాగంలో. అక్కడ కుడివైపు దెబ్బ తగిలితే రెండు కళ్ళకీ ఎడమవైపు చూపు పోతుంది. ఇది నిన్న మొన్న తెలిసిన సంగతి కాదు. 1904-05 రష్యా-జపాన్ యుద్ధంలో తలకి తూటా తగిలి బతికిన సైనికుల్ని పరీక్షించి, ఇనౌయె అనే జపాన్ కంటి డాక్టరు మెదడులో చూపు పటం గీశాడు. 1909లో అచ్చువేశాడు. చూపు పోయిన చోట మెదడు తనంతట తానే బొమ్మలు కల్పించుకోవడమూ వైద్యులకి తెలిసిందే. ఆ "ఎవరో" దయ్యం కాదు!

"తాయెత్తు కట్టాక తగ్గిందిగా?" అంటారు. తల దెబ్బకి కంటిని తిప్పే నరం దెబ్బతింటే ఒకటి రెండుగా కనబడుతుంది. చాలామందిలో కొన్ని నెలల్లో అదే తగ్గుతుంది. తగ్గించింది శరీరం, డబ్బు తీసుకుంది స్వామి.

హేతువాద మిత్రులకీ ఒక మాట. "దయ్యాల్లేవు, అంతా నీ భ్రమ" అని కొట్టిపారేస్తే మనమూ సేఠ్ పక్షానే నిలబడ్డట్టు. అతనికి జరుగుతున్నది నిజం. చెప్పిన కారణమే అబద్ధం. కారణం చూపించి ఆసుపత్రికి తీసుకెళ్ళనివాడి హేతువాదం సగం హేతువాదమే.

చూపు ఎంత మేర ఉందో కొలిచే పరీక్ష ఉంది. ఒకటి రెండుగా కనబడితే ప్రిజం అద్దాలున్నాయి. చూపు పోయిన వైపుకి కళ్ళూ తలా తిప్పి వెతకడం నేర్పిస్తారు. దెబ్బ తగిలిన వారాల తర్వాత కూడా తలలో రక్తం చేరవచ్చు. తలనొప్పి, వాంతులు, మగత పెరుగుతుంటే ముగ్గు వేసి కూర్చోబెట్టడం ప్రాణం తీయడమే.

చేతబడి, నరబలి లాంటి దురాచారాల మీద గుజరాత్ 2024లో చట్టం చేసింది. మంచిదే. కానీ సాంచాల మధ్య ఎడమపక్క కనబడకుండా నిలబడ్డ మనిషికి ఈ రోజు కావలసింది చట్టం కాదు. చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే ఒక్క మనిషి. అది మనమే ఎందుకు కాకూడదు?